గ్రీన్ అపార్ట్‌మెంట్ అంటున్నారు, చదరపు అడుగుకు ఎక్కువ అడుగుతున్నారు: ఏం చూసి ఇవ్వాలి?

మీ ప్రశ్నను కుదించి చెప్పుకుంటే ఇదీ సంగతి. హైదరాబాద్ శివారు తెల్లాపూర్ వైపు 24 అంతస్తుల టవర్‌లో మూడు బెడ్‌రూముల ఫ్లాట్ చూశారు. ఈస్ట్ ఫేసింగ్. బ్రోచర్‌లో గ్రీన్ సర్టిఫికెట్, సోలార్, ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు), వాన నీటి గుంతలు, ఎలక్ట్రిక్ కార్లకు ఛార్జింగ్ అన్నీ ఉన్నాయి. పక్క ప్రాజెక్టు కంటే చదరపు అడుగుకు కొన్ని వందలు ఎక్కువ చెబుతున్నారు. ఆ ఎక్కువ ఇవ్వొచ్చా, ఇస్తే ఏం చూసి ఇవ్వాలి?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల డిజైన్ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఆర్కిటెక్టులకూ బిల్డర్లకూ ఎండ, గాలి, నీళ్ళు, కరెంటు లెక్కలు కట్టిపెట్టడం నా పని. సూటిగా చెబుతాను. మీరు రాసిన జాబితాలో సగానికి పైగా తర్వాతైనా కొని తెచ్చి పెట్టుకోగలిగినవే. సోలార్ పలకలు వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు, ఛార్జింగ్ పాయింటూ అంతే. గోడ దేనితో కట్టారు, పడకగది కిటికీ ఎటు ఉంది, దాని మీద నీడ ఉందా, గాలి వచ్చి పోయే దారి ఉందా, సెల్లార్ దాటాక కాస్తైనా నేల మిగిలిందా, ఫ్లష్‌కు విడిగా పైపు వేశారా, ఇవి ఒకసారి కట్టాక మారవు. ఎక్కువ డబ్బు ఇవ్వదలచుకుంటే వీటికి ఇవ్వండి. బ్రోచర్‌లో ఇవి కనపడవు, ఫ్లోర్ ప్లాన్‌లో కనపడతాయి.

ముందు ఆ ఈస్ట్ ఫేసింగ్ దగ్గర ఆగుదాం. అది సింహద్వారం సంగతి. మన దగ్గర ఫ్లాట్ ధర దాన్నిబట్టే కదులుతుంది, వెస్ట్ ఫేసింగ్ అంటే బేరం తగ్గుతుంది. ఎండకు ఆ లెక్కతో పనిలేదు. మధ్యలో కారిడార్, అటూ ఇటూ ఫ్లాట్లు ఉన్న టవర్‌లో మీ తలుపు తూర్పుకు తెరుచుకుంటుందంటే, ఆ తూర్పున ఉన్నది కారిడారే. మీ బయటి గోడ, బాల్కనీ, పడకగది కిటికీలు పడమర వైపు ఉన్నాయన్నమాట. వాస్తు కోసం ఎక్కువిచ్చి సాయంత్రపు ఎండ కొనుక్కున్నవాళ్ళు మన ఊళ్ళో వేలల్లో ఉంటారు. అదే అంతస్తులో ఎదురుగా ఉన్న వెస్ట్ ఫేసింగ్ ఫ్లాట్‌కు కిటికీలు తూర్పుకు ఉంటాయి, ధరా తక్కువే. వాస్తు పట్టింపు ఉంటే ఉండనివ్వండి, దాని మీద నేను వాదించను. మూల ఫ్లాట్లు చూడండి, అక్కడ రెండూ కుదిరే వీలుంటుంది. ఏది చూసినా ప్లాన్ మీద ఉత్తరం బాణం గుర్తు ఎటుందో చూసి, పడకగది కిటికీ దిక్కు మీరే రాసుకోండి. సేల్స్ కుర్రాడి నోటిమాట మీద వదిలేయొద్దు.

పడమర ఎండ గురించి ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, జూన్‌లో నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వెళ్తాడు. అంటే దక్షిణపు కిటికీకి రెండడుగుల చజ్జా ఉంటే ఎండాకాలం చాలావరకు గడిచిపోతుంది. ఎండ లోపలికి వచ్చేది చలికాలంలో, అదీ మనకు ఇబ్బంది కాదు. పడమర అలా కాదు. మే నెలలో సాయంత్రం ఐదు గంటలకు సూర్యుడు 20–25 డిగ్రీల ఎత్తులో, దాదాపు కిటికీకి ఎదురుగా ఉంటాడు. నాలుగు అడుగుల ఎత్తు కిటికీకి ఆ సమయంలో పూర్తి నీడ పడాలంటే చజ్జా పది అడుగులు బయటికి రావాలి. అది కట్టేదీ లేదు, ఎవరూ కట్టరు. కాబట్టి పడమరకు లోతైన బాల్కనీ ఉండాలి, లేదా నిలువు పలకలు, జాలీ, బయటివైపు దించుకునే తడికె లాంటిది ఉండాలి. అన్నిటికంటే మంచిది, బాత్‌రూములు, మెట్లు, లిఫ్టు గోడలు, బట్టల అల్మరాలు పడమరకు తోసేసి పడకగదులను తప్పించడం. ఇది రూపాయి ఖర్చు లేని పని, ఆర్కిటెక్టు మొదటి వారంలో గీసే గీత. లోపల వేసే కర్టెన్‌తో వెలుతురు ఆగుతుంది గానీ వేడి ఆగదు, అద్దం దాటిన వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టు.

అద్దం మాట వచ్చింది కాబట్టి చిన్న లెక్క. మే సాయంత్రం పడమర గోడ మీద చదరపు మీటరుకు 500 వాట్లకు పైనే ఎండ పడుతుంది. మామూలు అద్దం అందులో నూటికి ఎనభై పాళ్ళు లోపలికి వదులుతుంది. మూడు చదరపు మీటర్ల స్లైడింగ్ తలుపంటే 1,200 వాట్లు. ఒక టన్ను ఏసీ తీసేయగలిగే వేడి మొత్తం 3,500 వాట్లు. మూడో వంతు ఆ ఒక్క తలుపుకే పోయింది. నేల నుంచి కప్పు దాకా గాజు పెట్టి దాన్ని విలాసమని అమ్మడం కొన్నాళ్ళుగా ఫ్యాషన్ అయింది. చల్లటి దేశాల ముచ్చట అది. ఎండను తగ్గించే పూత ఉన్న అద్దం వేశామంటే అది నిజంగా ఏ రకమో కాగితం మీద అడగండి.

ఇక గోడ. ఇప్పుడు హైదరాబాద్‌లో లేస్తున్న పొడుగు టవర్లలో చాలా వాటికి మివాన్ వాడుతున్నారు. అల్యూమినియం అచ్చులు బిగించి గోడా స్లాబూ ఒకేసారి కాంక్రీటు పోస్తారు. వారం పది రోజుల్లో అంతస్తు లేస్తుంది, ప్లాస్టరింగ్ ఖర్చు మిగులుతుంది, గోడ ఆరు అంగుళాలే కాబట్టి కార్పెట్ ఏరియా (గోడల మధ్య మనం వాడుకునే నేల) కొంచెం పెరుగుతుంది, భూకంపానికి గట్టిగా నిలుస్తుంది. బిల్డర్‌కు అది మంచి పద్ధతే, మేస్త్రీల కొరత ఉన్న రోజుల్లో కాదనలేం. వేడి విషయానికొస్తే మాత్రం ఇంతకంటే చెడ్డ గోడ లేదు. గోడకు రెండు వైపులా ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరులోంచి ఎన్ని వాట్లు దాటుతాయో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, దాన్ని యూ విలువ అంటారు. ఆరంగుళాల కాంక్రీటు గోడకు అది 3.5 పైనే. తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడకు 2 చుట్టూ. ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకుకు, అంటే లోపల గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు ఇటుకకు, 0.8 చుట్టూ. పది చదరపు మీటర్ల పడమర గోడ తీసుకోండి. ఎండ పడి బయటి ముఖం లోపలికంటే 25 డిగ్రీలు ఎక్కువ ఉందనుకుంటే కాంక్రీటు గోడలోంచి 900 వాట్లు వస్తాయి, ఏఏసీ గోడలోంచి 200. పైగా కాంక్రీటు వేడిని మూడు నాలుగు గంటలు దాచుకుని వదులుతుంది. పొయ్యి ఆర్పాక కూడా పెనం కాలుతున్నట్టు, సూర్యుడు దిగిపోయి మీరు పడుకునే వేళకు గోడ లోపలికి సెగ కొడుతుంది. రాత్రి పదింటికి పడకగది గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలే ఇళ్ళన్నీ ఈ బాపతే.

దీనికి మందు లేదని కాదు. నిర్మాణానికి అవసరమైన చోట్ల కాంక్రీటు గోడలు పోసి, బయటి గోడల్లో మిగతాది ఏఏసీ బ్లాకుతో నింపే బిల్డర్లు ఉన్నారు. కొందరు లోపలివైపు వేడిని ఆపే పొర వేసి జిప్సం బోర్డు బిగిస్తారు. ఏదీ లేకపోతే కనీసం బయట లేత రంగు వేయాలి. ముదురు బూడిద రంగు, కాఫీ రంగు టవర్లు ఫొటోల్లో బాగుంటాయి, పడమర గోడకు ఆ రంగు వేయడం మాత్రం బుద్ధి తక్కువ పని. మీరు అడగాల్సింది ఒకటే: "బయటి గోడ దేనితో కడుతున్నారు, యూ విలువ ఎంత?" ఆ రెండో ముక్కకు జవాబు చెప్పగలిగిన సేల్స్ ఆఫీసు దొరికితే ఆ ప్రాజెక్టుకు అప్పుడే సగం మార్కులు వేయండి.

ప్రభుత్వం వైపు నుంచి దీనికో కొలబద్ద ఉంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత అని ఇళ్ళ కోసం ఒక నియమావళి తెచ్చింది. గోడలు, కిటికీలు, నీడ, దిక్కులు అన్నీ కలిపి బయటి నుంచి ఇంట్లోకి చొరబడే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదన్నది అందులో ముఖ్యమైన సూత్రం. కప్పు యూ విలువ 1.2 దాటకూడదు. రాష్ట్రం తన భవన నియమాల్లో చేర్చుకుంటేనే అది కట్టుబాటు, కానీ కొనేవాడు ఆ అంకె అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గాజు ఎక్కువ, నీడ తక్కువ, అంతా కాంక్రీటు గోడలు అయితే 15 లోపు రావడం చాలా కష్టం. అదే ఏఏసీ గోడలతో, చజ్జాలతో, మితమైన కిటికీలతో పెద్ద ఖర్చు లేకుండానే వస్తుంది.

ఆ సంహితలోనే గాలికీ ఒక లెక్క ఉంది. జాతీయ భవన నియమావళి ప్రకారం హైదరాబాద్ మిశ్రమ వాతావరణం కిందికి వస్తుంది, ఇక్కడ తెరుచుకునే కిటికీల విస్తీర్ణం నేల విస్తీర్ణంలో 12.5 శాతం ఉండాలి. ఉక్కపోత ఎక్కువైన విజయవాడ, విశాఖల్లో 16.66 శాతం. తెరుచుకునే అన్న మాట గుర్తుంచుకోండి. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. 120 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా ఉన్న ఫ్లాట్‌కు 15 చదరపు మీటర్లు నిజంగా తెరుచుకోవాలి, ప్లాన్ ముందేసుకుని కూడి చూడండి. అంతకంటే ముఖ్యం, గాలి ఒక వైపు వచ్చి ఇంకో వైపు పోవాలి. కారిడార్ ఒక వైపు, కిటికీలన్నీ ఒకే వైపు ఉన్న ఫ్లాట్‌లో ఎంత పెద్ద కిటికీ పెట్టినా గాలి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మూల ఫ్లాట్లు, మధ్యలో ఖాళీ ఉన్న టవర్లు, ఒక అంతస్తుకు నాలుగే ఫ్లాట్లు ఉన్న బ్లాకులు ఇక్కడ గెలుస్తాయి. హైదరాబాద్‌లో అదృష్టం ఏమిటంటే ఏప్రిల్, మే నెలలు వదిలేస్తే రాత్రిళ్ళు చల్లబడతాయి. రెండు వైపులా కిటికీలున్న ఇంట్లో జూన్ చివరి నుంచి ఏసీ రిమోట్ వెతుక్కునే పని ఉండదు.

ఏసీ బయటి యూనిట్లు ఎక్కడ పెడతారో కూడా చూడండి, ఇది ఎవరూ అడగరు. ముందు వైపు అందం చెడుతుందని వాటిని సన్నటి డక్టులో ఒకదాని మీద ఒకటి ఇరవై అంతస్తుల పాటు పేరుస్తారు. కింది యూనిట్ వదిలిన వేడి గాలినే పై యూనిట్ పీల్చుకుంటుంది. ఐదు నక్షత్రాల ఏసీ కొన్నా అక్కడ అది ఐదు నక్షత్రాల పని చేయదు, పై అంతస్తుల్లో కరెంటు బిల్లు వేరుగా ఉంటుంది. డక్టు ఒక వైపు పూర్తిగా తెరిచి ఉందా, యూనిట్ రిపేరు చేసే మనిషి నిలబడే చోటుందా చూసుకోండి.

కప్పు గురించి క్లుప్తంగా. మీరు చివరి అంతస్తు కొనకపోతే అది మీ సమస్య కాదు. కొంటే, స్లాబ్ మీద రెండంగుళాల థర్మల్ ఇన్సులేషన్, దానిపైన తెల్ల టైల్సో చైనా మొజాయికో ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. దాని ప్రకారం 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు చల్లటి కప్పు తప్పనిసరి. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌కు ఇది పెద్ద ఊరట, 24 అంతస్తుల టవర్‌కు మాత్రం 24లో ఒక వంతు మేలు.

ఇక నీళ్ళు. నాకు అన్నిటికంటే ఎక్కువ మాట్లాడాలనిపించేది ఇక్కడే, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ మాయ జరుగుతుంది. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన. వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద పడే వానలో ఐదింట నాలుగు వంతులు పట్టగలిగితే 6 లక్షల 40 వేల లీటర్లు. వినడానికి పెద్ద అంకె. వంద ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే రోజు వాడకం 54 వేల లీటర్లు. అంటే ఏడాది వాన మొత్తం పన్నెండు రోజుల నీళ్ళు. వాన నీటి గుంతలు తవ్వొద్దని నా ఉద్దేశం కాదు, తప్పకుండా తవ్వాలి. అవి ఉన్నాయి కాబట్టి నీళ్ళకు ఢోకా లేదన్న మాట మాత్రం నమ్మకండి. జనం ఎక్కువ, నేల తక్కువ ఉన్న టవర్‌లో ఆ లెక్క ఎప్పటికీ సరిపోదు. మిగతాది ఎక్కడో దూరం నుంచి రావాల్సిందే. నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు అంతకంటే దూరం, పంపులు తోస్తేనే వస్తాయి. కుళాయి నీళ్ళలో కూడా కరెంటు ఉంది.

గుంతల విషయంలో మన నేల తీరు వేరు. హైదరాబాద్ కింద ఉన్నది గట్టి గ్రానైటు. పైన కొన్ని మీటర్లు మాత్రమే పొడిపొడిగా మారిన రాయి, మొరం. నీళ్ళు నిలిచేది అందులోనూ, కింద రాతి పగుళ్ళలోనూ. పరుపు బండ ఉన్న చోట నాలుగడుగుల గుంత తవ్వి కంకర నింపితే నీళ్ళు అక్కడే నిలబడి దోమలు పెరుగుతాయి. అలాంటి చోట డాబా నీళ్ళను వడగట్టి ముందు సంపులోకి తీసుకోవాలి, మిగిలింది నీళ్ళను నేల లోతుకు ఇంకించే రీఛార్జ్ బోరులోకి వదలాలి. పార్కింగ్ మీద పారిన నూనె నీళ్ళను నేరుగా బోరులోకి వదలడం భూగర్భ జలాలకు విషం పెట్టడమే, అలా చేసిన చోట్లూ ఉన్నాయి. వడపోత గదిలో మట్టి ప్రతి ఏటా జూన్‌కు ముందు తీయాలి. తీయకపోతే రెండు మూడు వర్షాకాలాల్లో ఆ గుంత పేరుకే ఉంటుంది.

నీటిని నిజంగా తగ్గించేది ఇంటింటికీ మీటరు. మొత్తం బిల్లును ఫ్లాట్లకు సమానంగా పంచే చోట కారుతున్న కుళాయి ఎవరిదీ కాదు. మీటరు రావాలంటే ఒక్కో ఫ్లాట్‌కు నీళ్ళు ఒకే పైపు ద్వారా లోపలికి రావాలి. చాలా డిజైన్లలో బాత్‌రూముకొక నిలువు పైపు దిగుతుంది, ఒక్కో ఇంటికి నాలుగైదు మీటర్లు పెట్టాల్సి వస్తుంది, అసోసియేషన్ చేతులెత్తేస్తుంది. ఇదీ ముందే గీయాల్సిన గీతే.

ఎస్టీపీ. కట్టడం విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తీసుకోవాలి, ఆ షరతుల్లో ఎస్టీపీ ఉంటుంది. కాబట్టి ఆ సైజు ప్రాజెక్టుకు ఎస్టీపీ బిల్డర్ గొప్పతనం కాదు, బాధ్యత. చూడాల్సింది అది పనిచేస్తుందా, శుద్ధి చేసిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి అన్నది. పైన చెప్పిన వంద ఫ్లాట్ల నుంచి రోజుకు 43 వేల లీటర్ల మురుగు వస్తుంది. ఫ్లష్‌లకు కావలసింది 18 వేలు. తోటకు, సెల్లార్ కడగడానికి ఇంకో ఐదారు వేలు. మిగిలిన 20 వేల లీటర్లు? చాలా చోట్ల డ్రైనేజీలోకే. ఒక చేత్తో శుద్ధి చేసి పారబోస్తూ, ఇంకో చేత్తో ట్యాంకర్ తెప్పించుకోవడం ఎండాకాలంలో ప్రతి కాలనీలో కనిపించే దృశ్యం. ఫ్లష్‌కు రెండో పైపు లేకపోతే ఆ 18 వేలూ అటే పోతాయి. మీ టవర్‌లో రెండు పైపులు వేస్తున్నారా అని అడగండి, చూపించడానికి ముస్తాబు చేసిన మాక్ ఫ్లాట్ కాదు, కడుతున్న అంతస్తు ఎక్కి పైపులు దిగే షాఫ్టులో చూడండి.

ఎస్టీపీ చెడిపోయే తీరులు కూడా తెలిసి ఉంటే మంచిది. ఐదు వందల ఇళ్ళకని కట్టిన ట్యాంకు మొదటి ఏడాది వంద ఇళ్ళ మురుగుతో నడవాలి. తిండి చాలక అందులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, కంపు మొదలవుతుంది, జనం గొడవ చేస్తారు, ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ ఆపేస్తారు, ఇక అంతే. రెండు మూడు భాగాలుగా కట్టి ఒక్కొక్కటే నడిపేలా డిజైన్ చేస్తే ఈ బాధ ఉండదు. రెండోది ఉప్పు. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువని దాన్ని తగ్గించే పెద్ద సాఫ్ట్‌నర్ పెడతారు, దాన్ని కడిగిన ఉప్పునీళ్ళు ఎస్టీపీలోకి వదులుతారు, ఆ నీళ్ళు చెట్లకు పెడితే ఆకుల అంచులు మాడతాయి. తోటమాలిని తిట్టి లాభం లేదు. మూడోది, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. సెల్లార్‌లో మూసిన ట్యాంకుల్లో విషవాయువులు పేరుకుంటాయి. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా లోపలికి మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం, అయినా చావులు జరుగుతూనే ఉన్నాయి. మనిషి దిగాల్సిన పని లేకుండా, పైనుంచే పంపుతో తీయగలిగేలా, గాలి బయటికి లాగే ఫ్యాన్లతో కట్టారా అన్నది డిజైన్ ప్రశ్న, నైతిక ప్రశ్న కూడా.

నేల సంగతి చూద్దాం. కార్ల కోసం రెండు మూడు సెల్లార్లు తవ్వుతున్నారు. రాయి పేల్చి, ఊరే నీళ్ళు తోడి, అంత లోతున కాంక్రీటు పోయడానికి అయ్యే సిమెంటు, ఉక్కు ముందు సోలార్ పలకల పుణ్యం చాలా చిన్నది. సెల్లార్‌ను ప్రహరీ దాకా తవ్వేస్తే పైన కనిపించే పచ్చదనం అంతా స్లాబ్ మీద పోసిన మట్టి. రెండడుగుల మట్టిలో గడ్డి, పూల మొక్కలు బతుకుతాయి, వేపచెట్టు బతకదు. వాన నీరు ఇంకే దారీ లేదు. కింద స్లాబ్ లేని అసలు నేల ఎంత వదిలారో ప్లాన్‌లో చూపించమనండి. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. కరెంటు ప్యానెళ్ళు, పంపులు, జనరేటర్ సెల్లార్‌లో ఉన్న చోట ఇళ్ళకు నీళ్ళు, వెలుగు రెండూ పోయాయి. అవి నేల మట్టానికి పైన ఉండాలి. ఇక చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు) లోపలో నాలా దారిలోనో కట్టిన టవర్‌కు ఎన్ని గ్రీన్ మార్కులు వచ్చినా దాని గురించి మాట్లాడుకోవడం దండగ.

సోలార్‌కు చిన్న లెక్క చాలు. ఒక కిలోవాటుకు పది చదరపు మీటర్ల చోటు, రోజుకు సుమారు 4 యూనిట్లు. 80 ఫ్లాట్ల టవర్ డాబా 600 చదరపు మీటర్లు, ట్యాంకులు లిఫ్టు గదులు పోను సగం దొరికితే 30 కిలోవాట్లు, రోజుకు 120 యూనిట్లు, ఇంటికి ఒకటిన్నర. ఇళ్ళకు చాలదు, కానీ కామన్ లైట్లు, పంపుల బిల్లును బాగా దించుతుంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది, కాబట్టి బిల్డర్ పెట్టకపోయినా అసోసియేషన్ పెట్టుకోవచ్చు. డాబాను క్లబ్‌హౌస్‌కో ప్రైవేట్ టెర్రస్‌లకో అమ్మేయకుండా ఉంటే చాలు.

సర్టిఫికెట్ మాట. మన దేశంలో గ్రీన్ బిల్డింగుల కథ మొదలైందే ఇక్కడ. కొండాపూర్ దగ్గరి సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు, అమెరికా వాళ్ళ గ్రీన్ రేటింగ్ లీడ్‌లో ప్లాటినం అమెరికా బయట వచ్చిన మొదటి భవనం అదే. వెళ్ళి చూడండి. అందులో మెచ్చుకోదగినవి మధ్యలోని ముంగిలి, జాలీ గోడలు, పచ్చటి కప్పు. అంటే మన పాత మండువా ఇళ్ళకు తెలిసినవే. ఐజీబీసీ, గృహ లాంటి రేటింగులు చెడ్డవని నేననను, వాటి వల్లే బిల్డర్లు ఈ మాటలు నేర్చుకున్నారు. కానీ అవి మార్కుల పద్ధతి. సైకిల్ స్టాండుకూ మార్కు వస్తుంది, గోడ నాణ్యతకూ మార్కు వస్తుంది. మొత్తం చూసి గోల్డ్, ప్లాటినం అంటారు. పైగా అమ్మకాల దశలో చూపించేది సాధారణంగా డిజైన్ కాగితాల మీద ఇచ్చిన ప్రీ సర్టిఫికేషన్, కట్టడం పూర్తయ్యాక వచ్చేది వేరు. మార్కుల పట్టిక అడగండి. వేడి, గాలి, నీళ్ళ దగ్గర ఎన్ని వచ్చాయో చూడండి. వాళ్ళు ఇవ్వం అంటే సంగతి అర్థం చేసుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పడకగదులు పడమర కాకుండా, బయటి గోడలు బ్లాకుతో, రెండు వైపుల గాలితో, రెండు పైపులతో, ఇంటికో నీటి మీటరుతో ఉంటే ఆ ఎక్కువ డబ్బు ఇవ్వండి, మొదటి నాలుగైదు వేసవుల్లోనే తేడా తెలుస్తుంది. ఇవేవీ లేకుండా సర్టిఫికెట్, సోలార్, గుంతలే ఉంటే పక్క ప్రాజెక్టులో తూర్పు కిటికీల ఫ్లాట్ చూసుకుని మిగిలిన డబ్బు దగ్గర పెట్టుకోండి. ఆఫీసు 25 కిలోమీటర్ల దూరంలో ఉండి రోజూ కార్లో వెళ్ళేటట్టయితే, మెట్రోకో బస్సుకో దగ్గరున్న మామూలు అపార్ట్‌మెంటే ఎక్కువ గ్రీన్ అని కూడా అంటాను, మీకు నచ్చకపోవచ్చు.

కొనే ముందు కాగితాల విషయం. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం మంజూరైన ప్లాన్లు, స్పెసిఫికేషన్లు చూసే హక్కు మీకుంది. ఫ్లాట్ మీకు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ళలోపు నిర్మాణంలో, పనితనంలో, సేవల్లో లోపం బయటపడి మీరు తెలియజేస్తే బిల్డర్ తన ఖర్చుతో సరిచేయాలి. బ్రోచర్‌లోని గ్రీన్ మాటలన్నీ అమ్మకం ఒప్పందంలోని స్పెసిఫికేషన్లలోకి రావాలి: గోడ రకం, అద్దం రకం, ఎస్టీపీ సామర్థ్యం, రెండో పైపు, మీటర్లు. అందులో లేనిది తర్వాత అడిగితే బలం ఉండదు.

ఇంకొక్క పని చేయండి. అదే బిల్డర్ నాలుగైదేళ్ళ కింద ఇచ్చిన ప్రాజెక్టుకు ఏప్రిల్‌లోనో మేలోనో సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళండి. గేటు దగ్గర వాచ్‌మన్‌ను రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయో అడగండి. పడమర వైపు ఫ్లాట్ల బాల్కనీలు చూడండి, ఎన్నింటికి తర్వాత పరదాలు, తడికెలు కట్టుకున్నారో లెక్కపెట్టండి. ఎస్టీపీ ఆపరేటర్ దొరికితే లాగ్‌బుక్ చూపించమనండి. చివరిసారి రాసిన తేదీ ఎప్పటిదో చూశాక ఇంక నన్ను అడగాల్సిన పని ఉండదు.